2 శాతం వడ్డీకి సీసీ కెమెరాలు సరే, అసలు కట్టే నాటికి అవి పనిచేస్తాయా?

మీ ప్రశ్న ఇదీ: "ఆఫ్రికాలో, లాటిన్ అమెరికాలో విదేశీ బ్యాంకుల అప్పుతో ఊరంతా సీసీ కెమెరాలు పెట్టిస్తున్నారట. 2027 పుష్కరాల లోపు మన రాజమండ్రికీ కాకినాడకీ అలా తెచ్చుకుంటే తప్పేంటి?"

వడ్డీ వరకు చూస్తే తప్పేం కనపడదండీ. విదేశాలకి అప్పులిచ్చే చైనా ప్రభుత్వ బ్యాంకు ఎగ్జిమ్ ఇచ్చే రాయితీ రుణం మామూలుగా 2 శాతం, గడువు 15 నుంచి 20 ఏళ్లు, మొదటి 5-7 ఏళ్లు అసలు సొమ్ము కట్టక్కర్లేదు. చిక్కంతా ఆ చివరి ముక్కలోనే ఉంది. నడిరోడ్డు మీద ఎండకీ వానకీ ఉండే కెమెరా బతికేది కూడా ఆ 5-7 ఏళ్లే. అసలు వాయిదాలు మొదలయ్యేసరికి సరుకు తుక్కు కింద పోతుంది. ఆ తర్వాత ఎనిమిది నుంచి పదిహేనేళ్లు లేని కెమెరాకి కడుతూ ఉండాలి.

ఆక్వా చెరువులున్నవాళ్లకి ఈ బేరం చెప్పక్కర్లేదు. మేత డీలరు అరువిస్తాడు, మేతా మందులూ మాత్రం అతని కొట్లోనే, అతను చెప్పిన ధరకే కొనాలి. ఇక్కడా కాంట్రాక్టరు అప్పిచ్చిన దేశం కంపెనీయే, సామానులో కనీసం సగం అక్కడిదే. పాకిస్తాన్ రాజధాని ఇస్లామాబాద్‌లో ఊరంతా కెమెరాలు పెట్టే సేఫ్ సిటీ ప్రాజెక్టు ఇలాగే ఎగ్జిమ్ బ్యాంకు అప్పుతో, సుమారు 12.5 కోట్ల డాలర్లతో, చైనా కంపెనీ హువావే చేతుల మీదుగా 2016లో మొదలైంది. కెమెరాలు రెండు వేల లోపే. కంట్రోల్ రూమ్, ఫైబరు, పోలీసుల వైర్‌లెస్ కూడా అందులోనే ఉన్నాయనుకోండి, అయినా ఒక్కో కెమెరాకి ఎంత పడిందో భాగించి చూడండి. పైగా డాలర్ల అప్పు కదా, అప్పట్లో డాలరు 105 పాకిస్తానీ రూపాయలు, 2023లో 280 దాటింది. ఫిలిప్పీన్స్‌లో ఇలాంటిదే 12,000 కెమెరాల ఒప్పందం 2018లో సంతకం దాకా వెళ్లి, సెనేటర్లు అడ్డం తిరగడంతో చిక్కుల్లో పడింది.

మన దగ్గర రాష్ట్రం నేరుగా విదేశంలో అప్పు చేయడానికి లేదు. కేంద్రం తీసుకుని అవే షరతులతో రాష్ట్రానికి అప్పగిస్తుంది, రూపాయి పడితే ఆ దెబ్బ రాష్ట్రానిదే. 2014 మధ్యలో డాలరు 60, 2024 చివరికి 85. పైగా 2020 జూలై నుంచి సరిహద్దు దేశాల కంపెనీలకి ముందస్తు రిజిస్ట్రేషన్ లేనిదే ప్రభుత్వ టెండర్లలో చోటు లేదు, కాబట్టి ఆ చైనా తరహా బేరం మనదాకా వచ్చేది కాదు. రేపు జపాన్ వాళ్లో ఆసియా అభివృద్ధి బ్యాంకో (ఏడీబీ) ఇచ్చినా కెమెరా ఆయుష్షు మాత్రం పెరగదు.

అసలు డెల్టాలో ఆ ఐదేళ్లు దక్కడమే కష్టం. యానాం, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో మూడేళ్లున్న స్తంభం మీద జంక్షన్ బాక్స్ తెరిచి చూడండి. తలుపు రబ్బరు ఎండి పగిలి ఉంటుంది. కెమెరా డేటా వైర్లు కలిపే నెట్‌వర్కు స్విచ్ పోర్టుల పిన్నుల మీద పచ్చటి చిలుము, మూలన చీమలు పెట్టిన మట్టి, బ్యాటరీ పొట్ట ఉబ్బి మూత తెరుచుకుని ఉంటుంది. మే ఎండకి డబ్బా లోపల 60 డిగ్రీలు దాటిపోతుంది. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి కంపెనీ చెప్పే వయసు 25 డిగ్రీల లెక్కన, పైన ప్రతి 10 డిగ్రీలకీ అది సగమవుతుంది. రాత్రి చల్లబడగానే డబ్బా బయటి తేమగాలిని లోపలికి లాక్కుంటుంది, ఆ తేమతోనే ఉప్పూ వస్తుంది. అందుకే ఇక్కడ తెల్లరంగు డబ్బా, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు ఉండాలి. వైరు లోపలికి దూరే బిరడాలు, అంటే కేబుల్ గ్లాండ్లు, అడుగు వైపే పెట్టాలి, వైరుని కిందికి ఒక వంపు తిప్పి లోపలికి తీసుకెళ్లాలి, లేకపోతే వాననీరు వైరు పట్టుకుని స్విచ్‌లోకే దిగుతుంది. పిడుగులకి సర్జ్ ప్రొటెక్టరు కరెంటు వైపు ఒక్కటే వేసి వదిలేస్తారు. డేటా వైరు వైపు కూడా లేకపోతే ఒక్క దెబ్బకి కెమెరా, స్విచ్ రెండూ పోతాయి.

నల్లమట్టి ఇంకో తలనొప్పి. వేసవిలో నెర్రెలిస్తుంది, వానలకి ఉబ్బుతుంది. పునాది పైపైన వేసిన స్తంభం 2 డిగ్రీలు వాలితే 30 మీటర్ల దూరాన కెమెరా చూపు మీటరు పక్కకి పోతుంది, నంబరు ప్లేటు చదివే కెమెరా అక్కడితో వృథా. వైరు సంగతి సరేసరి, ఎత్తుగా కట్టిన గడ్డి లోడు ట్రాక్టరు ఒకటి పోయిందంటే ఫైబరు తెగినట్టే. ఇవన్నీ తట్టుకున్న కెమెరా ముందు ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కడతారు, తీయించే ధైర్యం మున్సిపాలిటీకి ఉండదు.

నిల్వ ఖర్చు ఎవరూ లెక్కెయ్యరు. సెకనుకి 4 మెగాబిట్ల వీడియో అంటే రోజుకి 43 జీబీ, 30 రోజులకి 1.3 టీబీ, అంటే 1,300 జీబీ. వెయ్యి కెమెరాలకి 1,300 టీబీ, డిస్కు చెడితే ఆదుకునే అదనపు డిస్కులు వేరే. మొదటి సెట్టు అప్పులో వస్తుంది. ఐదేళ్లకి మార్చాల్సిన రెండో సెట్టు, కరెంటు బిల్లు, కంట్రోల్ రూములో మూడు షిఫ్టుల జీతాలు మున్సిపాలిటీ నెత్తిన పడతాయి.

అయినా అప్పు తెస్తామంటారా, టెండరులోనే ఏడేళ్ల మెయింటెనెన్సు ధరని కెమెరా ధరతో కలిపి కోట్ చేయమనండి. అడ్మిన్ పాస్‌వర్డులు మొదటి రోజే పోలీసుల చేతికి రావాలి. కెమెరాలూ సర్వరు సాఫ్ట్‌వేరూ ఆన్‌విఫ్ అనే, అన్ని కంపెనీల కెమెరాలకీ ఉమ్మడిగా ఉన్న ప్రమాణం ప్రకారం మాట్లాడుకోవాలని రాయించండి. ఆ ఒక్క లైను లేకపోతే పాడైన కెమెరా స్థానంలో వేరే కంపెనీది బిగించడం కుదరదు, పాత కంపెనీ చెప్పిన రేటుకే తెచ్చుకోవాలి.