యొక్క, యోక

చిరంజీవి శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. వృద్ధుల సంరక్షణ పనికి జపాన్ వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం పట్టలేక వీధిలో నలుగురికీ చెప్పి వచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. జపనీస్ అంకెలు పదిదాకా అప్పజెబుతున్నావట. పదిదాకా ఎవరికైనా వస్తాయి.

పదకొండంటే పది-ఒకటి, జూఇచి. ఇరవై అంటే రెండు పదులు, నిజూ. అది ఒక పూట పని. నాలుగును యొన్ అను. షి అన్నా నాలుగే, కానీ చావుకూ అదే మాట. ముసలివాళ్ల గదుల్లో వద్దు. ఏడుకు షిచి అంటే ఇచి, అంటే ఒకటి, అని వినబడుతుంది కాబట్టి నన అను, గంట చెప్పేటప్పుడు తప్ప. మన్ అంటే పదివేలు. పది మన్‌లు మన లక్ష. మూడు సన్, వంద హ్యకు; అయినా మూడు వందలకు సన్‌హ్యకు అనరు, సంబ్యకు అంటారు. నువ్వు బడిలో ఏడ్చిన సరళాదేశ సంధికి అది దూరపు చుట్టం. నాలుగు వందల దగ్గర ఆ చుట్టరికం కూడా ఉండదు, యొన్‌హ్యకు.

అసలు భయం తేదీలతో. 1991లో నగోయాలో శిక్షణకు ఉన్నప్పుడు నాకు లేతు యంత్రం నేర్పిన పెద్దాయన మార్చి ఆఖరున పదవీ విరమణ చేశాడు. ఏప్రిల్‌లో సొంత ఊరికి వెళ్లిపోతూ రైలు రోజు చెప్పాడు, "యొక్క" అని. నేను "యోక" అనుకున్నాను. యొక్క 4వ తేదీ, యోక 8వ తేదీ. జడకూ జాడకూ, గదకూ గద్దకూ తేడా తెలిసిన తెలుగువాణ్ణి, ఏం చెప్పుకోను! అర్థమైందా అని ఆయన అడిగితే, మళ్లీ చెప్పమనడానికి నామోషీపడి "హై, హై" అని తల ఊపాను. 8న, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆఖరి ఆవకాయ సీసా పట్టుకుని స్టేషన్‌లో పొద్దున్నుంచి నిలబడ్డాను. మర్నాడు ఫ్యాక్టరీలో చెప్పారు, 4న ఆయన రైలు కదిలేదాకా మెట్లవైపే చూశాడని. జనవరిలో ఆయన దగ్గర్నుంచి కొత్త సంవత్సరం కార్డు వచ్చింది. స్టేషన్ సంగతి అందులో లేదు.

నాకు పోయింది ఒక వీడ్కోలు. నీ చేతిలో ఉండేది మందులు. రెండు మాత్రలంటే నిజో, ఇరవై అంటే నిజూ. వింటున్నావా? లెక్కల్లో నీకు చిన్నప్పటి నుంచీ తొందరే. ప్రశ్న సగం చదివి జవాబు రాసేదానివి. అక్కడ విన్న ప్రతి అంకెనూ తిరిగి పలుకు, కాగితం మీద రాసి చూపించు. విసుక్కుంటే విసుక్కోనీ. మన కణుపుల లెక్క వాళ్లకు తెలియదు; అరచెయ్యి తెరిచి బొటనవేలి నుంచి ఒక్కో వేలూ ముడుస్తూ లెక్కపెడతారు, అదీ నేర్చుకో.

బాగా తిను. చలికి చెవులు కప్పుకో తల్లీ, అంకెలు వినేటప్పుడు తప్ప.

ఏ తేదీన బయలుదేరుతున్నావో ఫోను చేసి జపనీస్‌లోనే చెప్పు. రెండుసార్లు అడుగుతాను, కోప్పడకు. క్యాలెండర్‌కు పెన్సిలు కట్టి ఉంచాను.

మీ మామయ్య