సర్టిఫికెట్‌లో 99.999 అని ఉన్నా హైడ్రోజన్‌ని మళ్లీ టెస్ట్ చేయాలా?

ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్‌తో కరెంట్ పుట్టించే) బండ్లకి వాడే హైడ్రోజన్‌కి 99.999 శాతం ప్యూర్ అని సర్టిఫికెట్ ఇస్తుంటే మళ్లీ కొలవడం దేనికి, కొలవాల్సి వస్తే మా కాలేజీలో ఉన్న ఒక్క జీసీ (గ్యాస్ క్రొమటోగ్రాఫ్, గ్యాస్‌లో ఏమేం ఉన్నాయో విడదీసి కొలిచే మెషిన్) సరిపోదా అని అడిగారు కదా. నేను చెన్నై తరమణి వైపు ఒక గ్యాస్ ల్యాబ్‌లో ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నా, కాబట్టి చూసింది చెప్తా.

ముందు ఆ శాతం సంగతి. 99.999 అంటే మిగిలింది 10 పీపీఎమ్ (పది లక్షల్లో పది వంతులు). ఆ పదీ నైట్రోజనే అయితే బండికి ఏమీ కాదు, ఈ బండ్ల హైడ్రోజన్‌కి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14687 గ్రేడ్ డి ప్రకారం నైట్రోజన్ 300 పీపీఎమ్ దాకా ఉండొచ్చు. అదే ఆ పదిలో ఒక్కటి కార్బన్ మోనాక్సైడ్ అయిందనుకోండి, దాని లిమిట్ 0.2 మాత్రమే, అంటే ఐదు రెట్లు దాటేసినట్టు, అయినా సర్టిఫికెట్ అబద్ధం కాదు! ఈ కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) వెళ్లి సెల్‌లో రియాక్షన్ జరిపే ప్లాటినం మీద కూర్చుంటుంది, హైడ్రోజన్‌కి చోటుండదు, స్టాక్ (సెల్స్ పేర్చిన కట్ట) వోల్టేజ్ పడిపోతుంది. మళ్లీ మంచి గ్యాస్ పంపితే సీఓ చాలావరకు వదులుతుంది గానీ సల్ఫర్ ఒకసారి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు, అందుకే మొత్తం సల్ఫర్‌కి లిమిట్ 4 పీపీబీ (వంద కోట్లలో నాలుగు వంతులు) పెట్టారు. మన దేశ జనాభా మొత్తంలో ఓ ఐదారుగురిని వెతికి పట్టుకోవడం లాంటిది.

ఒక్క జీసీతో అన్నీ రావు. సల్ఫర్‌కి ఎస్‌సీడీ అనే సల్ఫర్ డిటెక్టర్, అదీ గ్యాస్‌ని చల్లని ట్రాప్‌లో కూడబెట్టి పంపాలి, అమ్మోనియా, ఫార్మాల్డిహైడ్‌కి మేం ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కొలిచే మెషిన్) వాడతాం, తేమకి వేరే ఎనలైజర్.

కానీ నన్నడిగితే మెషిన్ కంటే శాంపిల్ తీసే సీసా దగ్గరే అసలు కథంతా ఉంది. నేను చేరిన రెండో ఏడు ఒక చోటి నుంచి మామూలు స్టీల్ సిలిండర్‌లో శాంపిల్ వచ్చింది, గ్రాఫ్‌లో సల్ఫర్ పీకే లేదు, బేస్‌లైన్ గీత గీసినట్టు ఉంది, నేను రిపోర్ట్ టైప్ చేసేశా. మా సీనియర్ అక్క సంతకం పెట్టలేదు. అదే సిలిండర్ ఖాళీ చేసి 20 పీపీబీ హైడ్రోజన్ సల్ఫైడ్ స్టాండర్డ్ (ఎంత ఉందో ముందే తెలిసిన గ్యాస్) నింపమంది. సాయంత్రానికి పీక్ సగానికి పడింది, మర్నాడు పొద్దున చూస్తే దాదాపు ఏమీ లేదు. సల్ఫర్‌ని సిలిండర్ గోడ తినేసింది. లోపల సిలికా కోటింగ్ ఉన్న సీసాలో మళ్లీ శాంపిల్ తెప్పిస్తే 9 పీపీబీ వచ్చింది, లిమిట్‌కి రెట్టింపు పైనే. ఆ మొదటి రిపోర్ట్ బయటికి వెళ్లుంటే ఆ గ్యాస్ ఎవరి బండిలోకి వెళ్లేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంకోటి గాలి. ఇక్కడ నవంబర్ వానల్లో ఫిట్టింగ్ ఒక్క నిమిషం తెరిచి పెడితే చాలు, తేమ లైన్ గోడలకి పట్టేస్తుంది, తర్వాత గంటల తరబడి పర్జ్ చేసినా (శుభ్రమైన గ్యాస్ పంపి కడిగినా) 5 పీపీఎమ్ కిందికి దిగదు, మేం లైన్‌ని వేడి చేసి రాత్రంతా పర్జ్‌లో వదిలేస్తాం. రిజల్ట్‌లో ఆక్సిజన్ ఒక వంతు, నైట్రోజన్ దానికి నాలుగింతలకి కాస్త తక్కువగా కనిపిస్తే గ్యాస్‌ని అనుమానించకండి, ముందు జాయింట్ చూడండి, అది బయటి గాలి లెక్క.

మీ కాలేజీ జీసీకి ఎఫ్‌ఐడీ (మంటతో పనిచేసే డిటెక్టర్) ఉంటే మీథేన్ ఇప్పుడే కొలవొచ్చు, మీథనైజర్ (సీఓని మీథేన్‌గా మార్చేది) ఒకటి తగిలిస్తే సీఓ కూడా దారికొస్తుంది. టీసీడీ (గ్యాస్ వేడిని ఎంత బాగా మోస్తుందో చూసే డిటెక్టర్) ఉంటే క్యారియర్‌గా, అంటే శాంపిల్‌ని మోసుకెళ్లే గ్యాస్‌గా, బాగా శుద్ధి చేసిన హైడ్రోజన్‌నే వాడండి, అప్పుడు శాంపిల్‌లో హైడ్రోజన్‌కి పీక్ రాదు, హీలియం, నైట్రోజన్ విడిగా కనిపిస్తాయి. మీ గ్యాస్ సహజవాయువు నుంచి తీసిందైతే సీఓతో మొదలుపెట్టండి, ఎలక్ట్రొలైజర్‌దైతే తేమ, ఆక్సిజన్. ఎక్కణ్నుంచి వస్తుందో కింద రాయండి, శాంపిల్ ఎలా తీయాలో వివరంగా చెప్తా.