స్టెరాయిడ్ మాత్రలు మానాక నీరసం: నరాల జబ్బా, గ్రంథుల జబ్బా?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 47. మాది పలాస దగ్గర ఊరు. చాలా ఏళ్లుగా జీడిపిక్కల నుంచి పప్పు తీసే పని చేస్తున్నాను. వేళ్ల కణుపులు, మోకాళ్లు నొప్పులుగా ఉంటే మా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన చిన్న తెల్ల మాత్ర ఒకటి, దాంతోపాటు నొప్పుల మాత్ర ఒకటి ఎనిమిది నెలలు రోజూ వేసుకున్నాను. మొదట్లో చాలా బాగుంది. తర్వాత ముఖం ఉబ్బి గుండ్రంగా అయింది, బరువు పెరిగాను, రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. అది స్టెరాయిడ్ మాత్ర అని తెలిసినవాళ్లు చెబితే భయపడి మూడు వారాల క్రితం రెండూ ఒక్కసారిగా మానేశాను. అప్పటి నుంచి విపరీతమైన నీరసం, వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, ఒళ్లంతా నొప్పులు. నరాల బలహీనత అని ఒకరు బలం ఇంజక్షన్లు వేస్తున్నారు. సెలైన్ ఎక్కిస్తే ఒకటి రెండు రోజులు ఫరవాలేదనిపిస్తుంది. రక్తపరీక్షలో థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ 6.8 ఉందని ఇంకొకరు థైరాయిడ్ మాత్ర రాశారు, అది ఇంకా మొదలుపెట్టలేదు. ఇది నరాల జబ్బా, గ్రంథుల జబ్బా? అసలు ఈ రెండూ ఒంట్లో ఎలా పనిచేస్తాయి?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు వివరంగా జవాబు చెబుతాను గాని, అంతకన్నా ముందు మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. ఇది చదివిన రోజే, వాయిదా వేయకుండా, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి గాని శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అని పిలిచే సర్వజన ఆసుపత్రికి గాని వెళ్లి, జనరల్ మెడిసిన్ డాక్టరుకు మీరు వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు చూపించి, "ఎనిమిది నెలలు స్టెరాయిడ్ వాడి ఒక్కసారిగా మానేశాను" అన్న మాట మొట్టమొదట చెప్పండి. ఈలోగా వాంతులు ఆగకపోయినా, జ్వరం వచ్చినా, స్పృహ తప్పినా, మాట తడబడినా, మగతగా ఉన్నా 108కి ఫోను చేయాలి. అలాంటి స్థితిలో హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజక్షన్, సెలైన్ వెంటనే అందడం మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఆ పక్కన ఉన్న థైరాయిడ్ మాత్రను మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే, మీ కిడ్నీల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు, ఒంటి సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ అనే హార్మోన్‌ను తగినంత తయారు చేయలేకపోతున్నాయన్నది నా బలమైన అనుమానం. పరీక్షతోనే అది ఖాయమవుతుంది. అయితే జబ్బు గ్రంథిలో పుట్టలేదు. మెదడు నుంచి ఆ గ్రంథికి రావలసిన ఆజ్ఞ ఆగిపోయింది. నరాలా, గ్రంథులా అని మీరు అడిగిన ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

నరాల పని వేగంతో కూడుకున్నది. నాడీకణాల్లో సమాచారం విద్యుత్ సంకేతంగా ప్రయాణిస్తుంది. బాగా వేగవంతమైన నరాల్లో అది సెకనుకు 100 మీటర్లకు పైగా పోతుంది, కాబట్టే వేడి పెనం తగిలిన వేలు, కాలిందని మీకు తెలిసేలోపే వెనక్కి వస్తుంది. గ్రంథులు హార్మోన్లనే రసాయనాలను నేరుగా రక్తంలోకి వదులుతాయి. అవి ఒళ్లంతా తిరిగి, తమను గుర్తుపట్టే గ్రాహకాలున్న కణాల దగ్గర మాత్రమే పనిచేస్తాయి, ఆ పని నిమిషాల నుంచి రోజుల వరకు సాగుతుంది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక కుక్క పేగులో కొంత భాగానికి వెళ్లే నరాలన్నీ తెంచేసి, ఆ భాగంలో ఆమ్లం పోసి చూశారు. నరం లేకపోయినా క్లోమం రసం ఊరింది. రక్తం ద్వారా ఒక రసాయనం కబురు మోసిందని అలా తేలింది. ఆ తర్వాత 1921లో ఓటో లోవీ ఒక కప్ప గుండెకు వెళ్లే నరాన్ని ప్రేరేపించి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో కప్ప గుండెకు అందిస్తే, నరంతో ఏ సంబంధమూ లేని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. నరం కూడా తన చివరన రసాయనంతోనే మాట్లాడుతుందన్నమాట. ఈ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, నరాలనూ గ్రంథులనూ వేరు చేసి చూడడం ఎంత కష్టమో తెలుస్తుంది.

ఈ రెండూ కలిసే చోటు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్. దాని బరువు సుమారు 4 గ్రాములు. ఆకలి, దాహం, నిద్ర, ఒంటి వేడి, భయం, రక్తపోటు గురించిన కబుర్లన్నీ నరాల ద్వారా అక్కడికి చేరతాయి, అక్కడి నుంచి హార్మోన్లుగా బయటికి వస్తాయి. దాని కింద సెనగగింజంత పిట్యూటరీ గ్రంథి వేలాడుతూ ఉంటుంది. ఆ గ్రంథి వెనక భాగంలోకి హైపోథాలమస్ నరాల కొసలే దిగి హార్మోన్లను వదులుతాయి. ముందు భాగానికి మాత్రం సన్నటి రక్తనాళాల ద్వారా ఆజ్ఞలు అందుతాయి. అడ్రినల్ గ్రంథిలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఉద్దానం తోటల్లో ఎలుగుబంటి ఎదురుపడిందనుకోండి. అడ్రినల్ లోపలి భాగానికి నేరుగా నరం వస్తుంది కాబట్టి రెండు మూడు సెకన్లలోనే అడ్రినలిన్ రక్తంలో కలిసి గుండె దడదడలాడుతుంది, కాళ్లకు పరుగు వస్తుంది. అదే సమయంలో హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను, దాన్ని అందుకున్న పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్‌ను వదలగా, అడ్రినల్ బయటి పొర కార్టిసాల్‌ను తయారు చేస్తుంది. ఇది కొన్ని నిమిషాల తర్వాత మొదలై, రక్తపోటును, రక్తంలో చక్కెరను నిలబెట్టి, ఆ గండం గడిచే దాకా శరీరాన్ని కాస్తుంది.

ఎలుగుబంటి లేని రోజున కూడా కార్టిసాల్ కావాలి. తెల్లవారుజామున పెరుగుతూ వచ్చి ఉదయం 8 గంటల ప్రాంతంలో ఎక్కువగా ఉండి, అర్ధరాత్రికి బాగా తగ్గిపోవడం దాని సహజ క్రమం.

మీ విషయంలో ఏం జరిగిందో చెప్పడానికి మీ ప్రాంతానికి తెలిసిన ఉపమానం ఒకటి వాడతాను. గొట్టా బ్యారేజీ నుంచి వంశధార ఎడమ కాలువలో నీళ్లు వదిలేవాళ్లు, శివారు పొలాలు అప్పటికే నిండి ఉన్నాయని కబురు వస్తే షట్టర్లు దించేస్తారు; నెలల తరబడి కబురు అదే అయితే షట్టర్లు తుప్పు పడతాయి, కాలువ పూడిపోతుంది, ఆ తర్వాత పొలాలు ఎండినా నీళ్లు వెంటనే పారవు. మీ మాత్రలోని స్టెరాయిడ్‌ను హైపోథాలమస్, పిట్యూటరీ కార్టిసాల్‌గానే లెక్కించి, ఒంట్లో కావలసినంత ఉందనుకుని ఆజ్ఞలు పంపడం మానేశాయి. ఆజ్ఞలు లేక అడ్రినల్ బయటి పొర కుంచించుకుపోయింది. మీరు మాత్ర ఆపిన రోజు నుంచి ఒంటికి బయటి స్టెరాయిడూ లేదు, సొంత కార్టిసాలూ లేదు.

చిన్న మాత్రే కదా అనుకోవద్దు. ఆరోగ్యవంతుల ఒంట్లో రోజుకు తయారయ్యే కార్టిసాల్‌కు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాములు దాదాపు సరిపోతుంది. డెక్సామెథాసోన్ అయితే ఒక మిల్లీగ్రాము కూడా అక్కరలేదు, పైగా దాని ప్రభావం ఒక రోజుకు మించి ఉంటుంది. ఇవి చెడ్డ మందులని నేను అనడం లేదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక స్త్రీకి కార్టిసోన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది, ఆ కృషికి 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆస్తమా ఉధృతమైనప్పుడు, ప్రాణం మీదికి తెచ్చే అలర్జీలో నేనూ రాస్తాను. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎలా తగ్గించి ఆపాలి అన్న లెక్క లేకుండా, పేరు కూడా చెప్పకుండా కాగితంలో చుట్టి ఇవ్వడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. మీరు భయపడి మానేయడం సహజమే. హఠాత్తుగా మానకూడదని మీకు చెప్పవలసిన బాధ్యత ఇచ్చినవారిది.

ఇక నరాల బలహీనత సంగతి. మన జిల్లాల్లో నీరసం, నిద్రలేమి, దిగులు, కాళ్లు లాగడం, అన్నిటికీ ఈ పేరే పెట్టి ఎర్రటి బీ కాంప్లెక్స్ ఇంజక్షన్లు వేయడం చాలా కాలంగా చూస్తున్నాను. నిజంగా నరాలు దెబ్బతింటే అరికాళ్లలో తిమ్మిరి, మంటలు, స్పర్శ తగ్గడం, ఒక చేయో కాలో పట్టు తప్పడం వంటివి కనిపిస్తాయి, మీరు వాటిలో ఒక్కటీ రాయలేదు. పని దగ్గర నేల మీద నుంచి లేవాలంటే తొడల్లో సత్తువ లేక చేతులు ఆనించుకోవలసి వస్తోందా? అయితే అది కూడా నరం లోపం కాకపోవచ్చు, ఎక్కువ కాలం స్టెరాయిడ్ వాడినందువల్ల తొడ కండరాలు క్షీణించడం కావచ్చు. సెలైన్‌తో మీకు రెండు రోజులు తేలిగ్గా ఉండడానికి కూడా కారణం ఉంది: కార్టిసాల్ తగ్గినవారిలో రక్తపోటు, సోడియం పడిపోతాయి, సెలైన్‌లోని ఉప్పునీరు వాటిని కాసేపు పైకి లేపుతుంది. ఆ బలం ఇంజక్షన్లలో ఏ మందు ఉందో తప్పకుండా అడిగి పేరు రాయించుకోండి, ఎందుకంటే వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటే పరీక్ష ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

థైరాయిడ్ మాత్ర వద్దనడానికి కారణం ఇది. కార్టిసాల్ లోపించినప్పుడు టీఎస్‌హెచ్ కొద్దిగా పెరగడం ఉంది, ఆ లోపాన్ని సరిచేస్తే అదే మామూలుకు రావచ్చు. పైగా థైరాయిడ్ హార్మోన్ ఒంట్లో ఉన్న కాస్త కార్టిసాల్‌ను కూడా త్వరగా ఖర్చు చేయిస్తుంది, దానితో మనిషి ప్రమాదంలో పడవచ్చు. కార్టిసాల్ సంగతి తేల్చాకే థైరాయిడ్ గురించి ఆలోచించాలి.

పరీక్షల విషయానికొస్తే, ఉదయం 8 గంటలకు రక్తంలో కార్టిసాల్ చూస్తారు. డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి కోలుకున్నట్టే, 5 కంటే తక్కువైతే ఇంకా కోలుకోలేదని లెక్క, మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ ఇంజక్షన్ ఇచ్చి గ్రంథి స్పందనను చూడవలసి రావచ్చు. అయితే మీరు తూలిపోయే స్థితిలో ఉంటే రక్తం తీసి పెట్టుకుని, ఫలితం కోసం ఆగకుండా వైద్యం మొదలుపెట్టాలి. దీంతోపాటు సోడియం, పొటాషియం, చక్కెర, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చేయించుకోండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూలకారణం ఏదని ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు గాని, నొప్పుల మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయన్నదాంట్లో వాదం లేదు. మీరు ఎనిమిది నెలలు వాడారు కాబట్టి క్రియాటినిన్ పరీక్షను వదిలిపెట్టకండి.

లోపం ఖాయమైతే, మీరు భయపడి మానేసిన ఆ రకం మందునే, ఈసారి కొలిచిన తక్కువ మోతాదులో, ఉదయం పూట ఇచ్చి, నెలల మీద నెమ్మదిగా తగ్గిస్తారు. చాలామందిలో గ్రంథి మళ్లీ పుంజుకుంటుంది, కొందరికి ఏడాది కూడా పడుతుంది. ఆ కాలంలో జ్వరం వచ్చినా, ఆపరేషన్ జరిగినా మోతాదు పెంచాలి, వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజక్షన్‌గా తీసుకోవాలి, "స్టెరాయిడ్ వాడుతున్నాను" అని రాసిన చీటీ మీ ఆధార్ కార్డుతో కలిపి ఉంచుకోవాలి. అవసరమైతే విశాఖ కేజీహెచ్‌లోని ఎండోక్రైనాలజీ విభాగానికి పంపమని మీ డాక్టరును అడగండి.

మీ వేళ్ల నొప్పులకు అసలు కారణం ఇంతవరకూ ఎవరూ వెతకలేదు. ఉదయం లేవగానే వేళ్లు బిగుసుకుపోయి అరగంటకు మించి వదలకపోతే, కణుపులు వాచి ఉంటే, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం పరీక్షలు చేయించాలి. దానికి స్టెరాయిడ్ మీద ఆధారపడకుండా, వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకునే మెథోట్రెక్సేట్ వంటి మందులు ఉన్నాయి, కాకపోతే వాటిని క్రియాటినిన్, లివర్ పరీక్షలు చూశాకే మొదలుపెడతారు.