ఆరు సెంటీమీటర్ల దగ్గర ముక్కమని ఎవరూ అనరమ్మా

ప్రశ్న: పర్లాకిమిడి దగ్గర ఒక ఊరు మాది. నాకు 24 ఏళ్లు, ఇది తొలి కాన్పు. అమ్మ లేదు, అందుకే పురుడు అత్తవారి వైపే జరిగింది. 41 వారాలు దాటినా నొప్పులు రాలేదని ఆసుపత్రిలో చేర్చుకుని రెండుసార్లు జెల్ పెట్టారు, మర్నాడు సెలైన్‌లో మందు ఎక్కించారు. మొత్తం 30 గంటలు పట్టింది. ఆరు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది, బిడ్డ గుండె తగ్గుతోందని ఆపరేషన్ చేశారు. తరువాత రక్తం ఆగలేదు. రెండు బాటిళ్లు ఎక్కించారు. ఇంటికి పంపేటప్పుడు హిమోగ్లోబిన్ 8 అని రాశారు. పాప నాలుగు రోజులు పిల్లల వార్డులో ఉంది. అక్కడ అందరూ ఒడియాలోనే మాట్లాడారు, నేను సంతకం పెట్టిన కాగితంలో ఏముందో కూడా తెలీదు. పాపకి ఇప్పుడు ఏడు వారాలు. పథ్యమని అన్నం, వెల్లుల్లి కారం తప్ప పెట్టరు, నీళ్లూ తక్కువే ఇస్తారు. "మేం నలుగుర్ని ఇంట్లోనే కన్నాం, నీకు ముక్కడం చేతకాలేదు" అంటుంది అత్త. మా ఆయన ఏమీ మాట్లాడరు. చక్రాల చప్పుడు వింటే చాలు, ఆ ట్రాలీ మీద ఉన్నట్టే ఒళ్లంతా చెమట పడుతుంది. పాపని ఎత్తుకుంటే ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టుంటుంది. మందు వద్దని ఉంటే బాగుండేదా? ఇక ఎప్పుడూ ఆపరేషనేనా?

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాట సంగతి చూద్దాం. మిమ్మల్ని ఎక్కువగా కోస్తున్నది అదే. ముక్కడం అనేది గర్భసంచి ముఖద్వారం పూర్తిగా, అంటే పది సెంటీమీటర్లు తెరుచుకున్నాక చేసే పని. మీకు ఆరు దగ్గర ఆగింది. ఆరు దగ్గర గట్టిగా ముక్కితే ముఖద్వారం వాచి దారి ఇంకా బిగుస్తుంది. అందుకే ఆ సమయంలో నర్సులు "ముక్కొద్దు, ఊపిరి వదులు" అంటారు. ముక్కాల్సిన ఘట్టమే మీ కాన్పులో రాలేదు. రాని ఘట్టంలో మీకు చేతకాలేదని ఎవరైనా ఎలా అనగలరు?

మరి ఆరు దగ్గర ఎందుకు ఆగింది? బిడ్డ తల తిరగాల్సిన వైపు తిరగకపోవచ్చు. తల్లి వెన్ను వైపు కాకుండా పొట్ట వైపు ముఖం పెట్టుకున్న బిడ్డ తల దిగడానికి ఎక్కువ చోటు కావాలి. నొప్పుల బలం చాలకపోవచ్చు. తలకీ కటి ఎముకలకీ సరిపడకపోవచ్చు. తల్లి ఎంత ఓర్చుకున్నా వీటిలో ఏదీ మారదు.

మందు వద్దని ఉంటే బాగుండేదా అన్నారు. 41 వారాలు దాటాక మాయ పనితనం తగ్గుతూ వస్తుంది, ఉమ్మనీరు తగ్గవచ్చు, బిడ్డ లోపలే మలవిసర్జన చేసే అవకాశం పెరుగుతుంది, కడుపులోనే బిడ్డ పోయే ప్రమాదం కొద్దికొద్దిగా ఎక్కువవుతుంది. అందుకే ఆ వారంలో నొప్పులు తెప్పించడం మంచి వైద్యమే. కానీ తొలి కాన్పులో ముఖద్వారం గట్టిగా, పొడవుగా, మూసుకుని ఉంటుంది. జెల్ చేసే పని దాన్ని మెత్తబరచడం. దీనికే ఒక పగలూ రాత్రీ పట్టడం మామూలు. మీ 30 గంటల్లో చాలా భాగం ఇదే అయి ఉంటుంది. అసలు కాన్పు నొప్పుల లెక్క అయిదు సెంటీమీటర్ల నుంచి మొదలవుతుంది. ఇది ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే, గంట గంటకీ "ఇంకా కాలేదు, నాలోనే ఏదో లోపం" అని మీరు కుమిలిపోయేవారు కాదు.

సెలైన్‌లో ఎక్కించింది ఆక్సిటోసిన్. కొద్ది చుక్కలతో మొదలుపెట్టి అరగంటకోసారి పెంచుతారు. పది నిమిషాల్లో మూడు నాలుగు నొప్పులు వస్తే చాలు. అయిదు దాటితే మధ్యలో బిడ్డకు ఊపిరి తీసుకునే విరామం ఉండదు, గుండె వేగం పడిపోతుంది. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. పడిపోతే మందు ఆపి, తల్లిని ఎడమ పక్కకు తిప్పి చూస్తారు. అప్పటికీ తేరుకోకపోతే ఆపరేషనే దారి. మీ విషయంలో మందు ఎప్పుడు ఆపారు, ఎంత సేపు చూశారు అన్నది మీ ఉత్తరం నుంచి తెలియదు. అది కేసు షీట్‌లో ఉంటుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

రక్తం ఎందుకు ఆగలేదు? నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది. మాయ ఊడాక గర్భసంచి కండరం పిడికిలిలా బిగుసుకుంటేనే ఆ రక్తనాళాలు నొక్కుకుపోతాయి. గంటల తరబడి ఆక్సిటోసిన్ మీద పనిచేసిన కండరం అలసిపోయి బిగుసుకోలేకపోవచ్చు. కాన్పు తర్వాత వచ్చే తీవ్ర రక్తస్రావాలకు ఎక్కువగా కారణం ఇదే. ఇంట్లో నలుగురిని కన్నవారిలో కూడా ఈ ఒక్క కారణంతో ప్రాణం పోయినవారున్నారమ్మా. మీ అత్తగారి వయసువారు తమ ఊళ్లో అలాంటి ఒక్క పేరైనా విని ఉంటారు. మెల్లగా అడిగి చూడండి.

ఒక బాటిల్ రక్తానికి హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. రెండు ఎక్కించాక కూడా 8 ఉందంటే పోయింది చాలానే. మెట్లెక్కితే ఆయాసం, తల తిరగడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, పాలు చాలకపోవడం, ఊరికే ఏడుపు రావడం, వీటిలో కొంత భాగం రక్తహీనతదే. ఈ వారమే హిమోగ్లోబిన్, దాంతోపాటు థైరాయిడ్ పరీక్ష చేయించండి. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ దెబ్బతిని ఇలాంటి లక్షణాలే వస్తాయి. ఆశా దిది (ఆశా కార్యకర్త) ఇచ్చే ఐరన్ మాత్ర (60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ ఆమ్లంతో) మామూలుగా బాలింతలకు రోజుకొకటి 180 రోజులు. మీలా హిమోగ్లోబిన్ తగ్గినవారికి రోజుకు రెండు ఇస్తారు, మీకు ఎన్నో డాక్టరుని అడగండి. టీతో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఒంటబట్టదు. రెండు గంటల ఎడం ఉంచి నిమ్మరసంతో వేసుకోండి. మలం నల్లగా వస్తే భయపడి ఆపేయకండి. మాత్రలతో పెరగకపోతే నరంలోకి ఐరన్ ఎక్కిస్తారు, అడగండి.

పథ్యం విషయంలో మొహమాటం వద్దు. రక్తం పోయిన బాలింతకి వెల్లుల్లి కారం అన్నం చాలదు. పప్పు, గుడ్డు, చేపలు, మునగాకు, తోటకూర, బెల్లం వేసిన రాగి అంబలి, ఇవన్నీ తినాలి. పాలిచ్చే ప్రతిసారీ గ్లాసుడు నీళ్లు తాగండి. నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయన్నది నిజం కాదు, తాగకపోతే మలబద్ధకం వచ్చి కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. అత్తగారు పెట్టే కాయం ఉండ తినండి, తప్పులేదు. దాని పక్కన గుడ్డు కూడా ఉండాలి, అంతే.

ఇక మనసు సంగతి. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, దానంతటదే పోతుంది. మీకు ఏడు వారాలైంది. చప్పుడు వింటే ఆ ట్రాలీ మీదికే వెళ్లిపోవడం, చెమట పట్టడం నెల దాటినా తగ్గలేదంటే అది ప్రాణభయం మనసులో వదిలిన గాయం. దానికి వైద్యం ఉంది. పాప మీద ప్రేమ పుట్టకపోవడం కూడా తల్లి మనసు చెడ్డదై కాదు. పుట్టగానే గుండెల మీద ఉండాల్సిన బిడ్డ నాలుగు రోజులు వేరే వార్డులో, మీరు రక్తం ఎక్కుతూ మంచం మీద. ఆ పరిచయం ఇప్పుడు జరగాలి. రోజుకు గంటసేపు పాపకు చొక్కా తీసి, డైపర్ ఒక్కటి ఉంచి, మీ ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టుకుని పైన దుప్పటి కప్పుకోండి. ఆ గంట నిద్రపోకుండా మెలకువగా ఉండండి. ప్రేమ రావాలని ఎదురుచూడొద్దు, ఊరికే వాసన చూస్తూ ఉండండి.

కానీ ఇది ఒక్కటే చాలదు. ఎడిన్‌బరో ప్రశ్నావళి అని పది ప్రశ్నల పరీక్ష ఉంది, 30 మార్కులకి. 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మానసిక వైద్యుడిని కలవాలి. నాకు నేనే హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అన్న పదో ప్రశ్నకు ఔనని వస్తే మార్కులతో పని లేదు, వెంటనే చెప్పాలి. జిల్లా ఆసుపత్రిలో అడగండి, లేదా టెలి మానస్ 14416కి చేయండి. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మందులు రాస్తే పాలు మాన్పించాలేమోనని భయపడకండి, సెర్ట్రలిన్ లాంటివి పాలిస్తూనే వాడవచ్చు. ఒకవేళ నిద్రే అక్కర్లేదనిపించడం, చెవిలో మాటలు వినపడటం, పాప నిజంగానే మారిపోయిందని నమ్మడం మొదలైతే అది వేరే జబ్బు. ఆ రోజే, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ వాక్యం మీ ఆయనకు చదివి వినిపించండి.

ఆయన మౌనాన్ని పట్టించుకోకపోవడం అనుకోకండి. ఆపరేషన్ గది బయట రక్తం కోసం పరుగెత్తిన మనిషికి కూడా భయం లోపలే గడ్డకట్టి ఉండవచ్చు. ఆయన్ని "ఎందుకు మాట్లాడవు" అని అడిగే బదులు రెండు పనులు అప్పగించండి. ఒకటి, రాత్రి ఒకసారి పాలిచ్చాక పాపని తను ఎత్తుకుని, మీకు వరుసగా నాలుగైదు గంటల నిద్ర ఇవ్వడం. మీరు ముందే పిండి ఉంచిన తల్లిపాలు ఆ గంటల్లో ఒకసారి పట్టవచ్చు. రెండోది, ఆ కాగితాలు తేవడం.

ఒడియా, ఇంగ్లీషు కాగితాల మీద తెలుగు మనిషి సంతకం పెట్టడం మన సరిహద్దు ఊళ్లలో మామూలైపోయింది, అది మామూలు కాకూడదు. మీకు తెలిసిన భాషలో ఒక్కరైనా విడమరిచి చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం వారి తప్పు. మీ వైద్య రికార్డు నకలు అడిగే హక్కు మీకుంది. 2002 నాటి వైద్య ప్రవర్తనా నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, రికార్డు మూడేళ్లు దాచాలి. రాతపూర్వకంగా అడిగి అందినట్టు సంతకం తీసుకోండి. ఒడియా వచ్చినవారితో చదివించుకుని ఈ సంగతులు తెలుగులో రాసుకోండి: ఆపరేషన్‌కి కారణం, ఎన్ని గంటలకు ఎన్ని సెంటీమీటర్లు, తల ఏ వైపు ఉంది, ఆక్సిటోసిన్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది, ఎంత రక్తం పోయింది, గర్భసంచి మీద కోత అడ్డమా నిలువా. చర్మం మీది కోత చూసి లోపలిది చెప్పలేం. చదివాక అనుమానం మిగిలితే జిల్లా ముఖ్య వైద్యాధికారికి ఫిర్యాదు రాయవచ్చు. మిగలకపోతే అదీ మీకు ఊరటే.

ఇక ఎప్పుడూ ఆపరేషనేనా అన్న మీ రెండో ప్రశ్నకు జవాబు గర్భసంచి మీది కోత అడ్డమా నిలువా అన్నదాని మీద ఆధారపడి ఉంది. లోపల కింది భాగంలో అడ్డకోత అయితే మామూలు కాన్పు ప్రయత్నించవచ్చు. ప్రయత్నించినవారిలో ఎక్కువమందికి అవుతుంది, అయితే మీలా మధ్యలో ఆగినవారికి అవకాశం కొంత తక్కువ. పాత కుట్టు విడిపోయే ప్రమాదం నొప్పులు వాటంతటవే వస్తే 200 మందిలో ఒకరికి, మందులతో తెప్పిస్తే అంతకంటే ఎక్కువ. నొప్పులు తెప్పించడానికి మిసోప్రోస్టల్ అనే మాత్ర మాత్రం అసలు వాడకూడదు. రక్తస్రావం మళ్లీ వచ్చే అవకాశమూ ఉంది కాబట్టి రాత్రి వేళ కూడా ఆపరేషన్, రక్తం రెండూ దొరికే చోటే పురుడు పోసుకోవాలి. మీకు బరంపురం మెడికల్ కాలేజీ గానీ, ఇటు శ్రీకాకుళం పెద్దాసుపత్రి గానీ. నిలువు కోత అయితే ఆపరేషనే క్షేమం. ఏదైనా, మళ్లీ గర్భం 18 నెలల నుంచి రెండేళ్ల తర్వాతే. పాలిస్తున్నాం కదా అని ఊరుకోవద్దు. గర్భం రాకుండా వాడే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్ర, కాపర్ టీ మూడూ పాలిచ్చే తల్లికి పనికొస్తాయి. రెండో బిడ్డే వద్దనుకుంటే అదీ మీ ఇష్టమే, కానీ ఈ నిర్ణయం ఇవాళ చేయకండి.

పాపకి ఆరు వారాల టీకాలు వేయించారో లేదో రాయలేదు. వచ్చే మమతా దివస్ (ఊళ్లో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే రోజు) నాడు పాపని తీసుకెళ్లి బరువు చూపించండి, టీకాలు పడకపోతే ఎప్పుడు వేస్తారో అడగండి. మీ అత్తగారినీ వెంట తీసుకెళ్లి, ఆరు సెంటీమీటర్ల సంగతి ఆశా దిది చేత ఆవిడకు చెప్పించండి. కోడలు చెబితే వినని మాట ఆశా దిది చెబితే వింటారు. ఈలోపు గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, వణుకుతో జ్వరం, చెడు వాసన, కుట్ల దగ్గర చీము, ఒక పిక్క వాచి నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, వీటిలో ఏది వచ్చినా మమతా దివస్ దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.