వాలిన కార్ లిఫ్ట్: నట్టు తిప్పినంత మాత్రాన వారంటీ పోతుందా?

ప్రశ్న: అద్దె ఇంట్లోని గ్యారేజ్‌లో సొంత వాడకానికి నాలుగు పోస్టుల కార్ లిఫ్ట్ పెట్టించుకున్నాను. డీలర్ పంపిన టెక్నీషియనే బిగించాడు. నేల కొంచెం వాలుగా ఉందని వెనక రెండు పోస్టుల కింద షిమ్‌లు (ఎత్తు సరిచేసే పల్చటి లోహపు పలకలు) పెట్టి, అంతా సరిగ్గా ఉందని జాబ్ కార్డు మీద నా సంతకం తీసుకున్నాడు. ఐదు వారాలకు ఎడమ ముందు మూలలో లాక్ (లిఫ్ట్ జారిపోకుండా పట్టి ఉంచే కొక్కెం) ఆలస్యంగా పడుతుంటే ఆ మూలను లేపే కేబుల్ నట్టు నేనే రెండు చుట్లు బిగించాను. తర్వాతి వారం కారు దించుతుండగా కుడి వెనక మూల లాక్ మీదే ఉండిపోయింది, మిగతా మూడూ దిగాయి. కారు వాలి, పక్క అద్దం పోస్టుకు కొట్టుకుని పగిలింది. మళ్లీ పైకి లేపి ఎలాగో దించాను. 'నేల లెవెల్‌లో లేదు, మీరు నట్టు తిప్పారు, వారంటీ పోయింది' అని డీలర్ వాళ్లు అంటున్నారు. కన్జ్యూమర్ కమిషన్‌కు వెళ్లవచ్చా? నేలకు పెట్టిన 16 రంధ్రాలకు ఇంటి ఓనరు డబ్బు అడుగుతున్నారు. ఇవ్వాలా?

జవాబు: వెళ్లవచ్చు, కేసులో బలమూ ఉంది. కానీ ముందు ఒక పని చేయకండి: లిఫ్ట్‌ను సరిచేయకండి, చేయనివ్వకండి. ఇలాంటి గొడవ ముదిరేసరికి డీలర్ మంచితనంగా మనిషిని పంపుతాడు. అతను అరగంటలో నాలుగు కేబుళ్లూ సరిచేసి వెళ్లిపోతాడు. లిఫ్ట్ బాగుపడుతుంది, మీ సాక్ష్యం మాయమవుతుంది. ఆ తర్వాత కమిషన్ ముందు మిగిలేది మీ మాట, వాళ్ల మాట.

లిఫ్ట్ ఒక పక్కకు వాలడానికి కారణాలు వేర్వేరు, ఒక్కో కారణానికి బాధ్యుడూ వేరు. పోస్టుల లోపల నిలువుగా ఉండే లాక్ ల్యాడర్లు (లాక్‌లు ఆనుకునే గళ్ల పట్టీలు), కింద నేల, షిమ్‌లు ఒక సంగతి. ఒకే సిలిండర్ లాగే నాలుగు కేబుళ్ల పొడవు రెండో సంగతి. లాక్‌లను విడిపించే లివర్, దాని రాడ్లు మూడోది. ఏది తప్పిందో కొలతలు చెబుతాయి. అందుకే కారు లేకుండా, ఖాళీ లిఫ్ట్ మీద, ఒక మెకానికల్ ఇంజనీరును పక్కన పెట్టుకుని కొలిపించండి. రన్‌వేల (కారు చక్రాలు నిలిచే రెండు పట్టాల) కింద ఎవరూ దూరకూడదు, కొలతలన్నీ బయట నిలబడే తీయాలి. ఏ కేబుల్లోనైనా తీగలు తెగి పైకి లేచి కనిపించినా, కేబుల్ పుల్లీ గాడిలోంచి తప్పి ఉన్నా లిఫ్ట్ ఆన్ చేయకుండా ఫొటోలు మాత్రం తీసి ఆపేయండి.

మొదట లిఫ్ట్‌ను నడుం ఎత్తుకు లేపి, నాలుగు మూలలూ ఒకే వరస లాక్ మీద కూర్చునేలా దించండి. ల్యాడర్ గళ్లు కింది నుంచి లెక్కపెట్టి నాలుగు చోట్లా ఒకే అంకె వచ్చిందో లేదో చూడండి. కేబుళ్లు వదులయ్యే దాకా దించాలి, అప్పుడే బరువంతా ల్యాడర్ల మీద పడుతుంది. మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్‌తో, నీళ్లలో బుడగ లేకుండా చూసుకుని, నాలుగు పోస్టుల మీదా ఒకే మట్టానికి గీత పెట్టండి. ఆ గీత నుంచి క్రాస్ బీమ్ (రన్‌వేలను మోసే అడ్డ దూలం) పైఅంచుకు ఎన్ని మిల్లీమీటర్లో నాలుగు మూలలా రాసుకోండి. తర్వాత లిఫ్ట్‌ను లాక్‌ల మీద నుంచి రెండంగుళాలు లేపి, కేబుళ్ల మీద వేలాడుతుండగా అవే నాలుగు కొలతలు మళ్లీ తీయండి.

లాక్‌ల మీద ఉన్నప్పుడే తేడా ఉంటే లోపం నేల, షిమ్, ల్యాడర్ నట్లలో ఉంది. లాక్‌ల మీద సమంగా ఉండి వేలాడేటప్పుడు తేడా వస్తే కేబుళ్లలో ఉంది. రెండుసార్లూ సమంగానే ఉంటే కుడి వెనక లాక్‌ను విడిపించే రాడ్‌నో, ఆ లాక్ స్ప్రింగ్‌నో అనుమానించాలి. వీటితోపాటు పోస్టులకు తూకం గుండు వేసి రెండు ముఖాల మీదా నిలువు చూడండి, పోస్టుల మధ్య రెండు కర్ణాలూ (ఒక మూల నుంచి ఎదుటి మూలకు దూరం) కొలవండి, ఒక్కో పోస్టు కింద షిమ్‌ల మందం వెర్నియర్‌తో తీయండి.

ఇక పోస్టు పైన కేబుల్ చివరి స్టడ్, అంటే నట్టు ఎక్కే మర కడ్డీ. జామ్ నట్టు (అసలు నట్టు కదలకుండా బిగించే రెండో నట్టు) పైన ఎన్ని మరలు బయటికి కనిపిస్తున్నాయో నాలుగు చోట్లా దగ్గరగా ఫొటో తీయండి. నా దృష్టిలో మీ కేసుకు అన్నిటికన్నా విలువైన ఫొటోలు ఇవే. స్టడ్ ఎం20 మామూలు మర అయితే ఒక చుట్టుకు 2.5 మిల్లీమీటర్లు. మీ రెండు చుట్లు 5 మిల్లీమీటర్లు. పైగా మీరు బిగించింది ఎడమ ముందు మూల, ఇరుక్కున్నది కుడి వెనక మూల. కేబుల్ బిగిస్తే ఆ మూల కొంచెం ముందుగా లేస్తుంది కానీ ఎదుటి మూల కేబుల్ పొడవు దానివల్ల మారదు. దించే ముందు లిఫ్ట్‌ను కాస్త లేపి లాక్‌లు విడిపిస్తాం కదా, ఆ లేపడంలో వదులుగా ఉన్న కేబుల్ తాలూకు మూల అందరికన్నా తక్కువ లేచి లాక్ మీదే మిగిలిపోతుంది. అంటే మీరు ముట్టుకోని కేబులే సాగి ఉండవచ్చు. ఇది ఇంజనీరు అఫిడవిట్‌లో రావాలి, మీ అఫిడవిట్‌లో వస్తే వాదన అనే అంటారు.

కొత్త కేబుళ్లు బరువు పడ్డాక మొదటి కొద్ది వారాల్లో సాగడం మామూలే, అది తయారీ లోపం కాదు. కాబట్టి 'కేబుల్ సాగింది, నాసిరకం' అని ఫిర్యాదులో రాయకండి, మొదటి వాయిదాకే తేలిపోతుంది. సాగుతుందని తెలిసీ మళ్లీ వచ్చి సరిచేయకపోవడం, ఎప్పుడు ఎలా సరిచేసుకోవాలో చెప్పకపోవడం సేవాలోపం. మాన్యువల్ ఇచ్చారా, అందులో కేబుల్ సర్దుబాటు యజమాని చేసుకోవచ్చని ఉందా అన్నది వెంటనే చూడండి. ఉంటే మీరు నట్టు తిప్పడం మెయింటెనెన్స్ అవుతుంది, మార్పు చేయడం కాదు. అధీకృత మనిషే చేయాలని ఉంటే మీకు కొంత ఇబ్బందే, పరిహారం తగ్గించమని వాళ్లు గట్టిగా అడుగుతారు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో మీకు రెండు దారులున్నాయి. లిఫ్ట్ సరిగా పనిచేయకపోవడం వరకు వస్తులోపం, సేవాలోపం. అద్దం పగిలింది కాబట్టి ప్రొడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు వల్ల జరిగిన నష్టానికి బాధ్యత) కూడా. ఆ అధ్యాయంలో నష్టం అంటే లిఫ్ట్‌కు జరిగింది కాదు, దానివల్ల మరో ఆస్తికో మనిషికో జరిగింది. సర్వీసు ఇచ్చినవాడి బాధ్యత 85వ సెక్షన్‌లో, అమ్మినవాడిది 86లో ఉంది. 86లో ఒక మాట మీకోసమే రాసినట్టుంటుంది: వస్తువును బిగించడంలో, తనిఖీ చేయడంలో తగిన జాగ్రత్త తీసుకోకపోయినా, తయారీదారు ఇచ్చిన హెచ్చరికలు కొన్నవాడికి అందించకపోయినా, నష్టం అందువల్లే జరిగితే అమ్మినవాడు బాధ్యుడు. వాళ్లు పట్టుకునేది 87(1)ని. నష్టం జరిగేనాటికి వస్తువును దుర్వినియోగం చేసినా, మార్చినా అమ్మినవాడి మీద ఆ దావా నిలవదని అది చెబుతుంది. కానీ ఆ ఉపసెక్షన్‌లో ఉన్నది అమ్మినవాడి మాటే. అందుకని తయారీదారును, డీలర్‌ను, టెక్నీషియన్‌ను పంపిన సంస్థ వేరైతే దాన్నీ కలిపి ప్రతివాదులుగా చేర్చండి.

నేల సంగతి. ఇలాంటి లిఫ్ట్‌ల మాన్యువల్స్‌లో సాధారణంగా 4 అంగుళాల మందం, 3000 పీఎస్‌ఐ కాంక్రీటు, అంటే దాదాపు మన ఎం25 గ్రేడు, అడుగుతారు. వాలు ఎంతవరకు ఒప్పుకుంటారో, షిమ్ ఎంతకు మించకూడదో కూడా రాస్తారు. టెక్నీషియన్ నేల చూశాడు, వాలు ఉందని తెలిసే షిమ్ పెట్టాడు. ఆ వాలు పరిమితికి మించితే బిగించకుండా వెనక్కి వెళ్లడం అతని పని. షిమ్ మందం పరిమితి దాటితే అదీ అతని ఖాతాలోదే. బిగించి డబ్బు తీసుకున్నాక 'మీ నేల బాగోలేదు' అనడం చెల్లదు. నేల కింద సంపు ఉండి, మీరు ఆ మాట చెప్పకుండా దాని శ్లాబు మీదే బోల్టులు వేయిస్తే మాత్రం కథ వేరు.

జాబ్ కార్డు మీద సంతకానికి భయపడకండి. ఆ రోజు లిఫ్ట్ లేచింది, దిగింది అన్నదానికే అది సాక్ష్యం. కంటికి కనిపించని లోపాన్ని మీరు ఒప్పుకున్నట్టు కాదు.

మీ బలహీనత నిజానికి నట్టు కాదు. లాక్ ఆలస్యంగా పడుతోందని గమనించాక కూడా లిఫ్ట్ వాడటం. దించే ముందు తగినంత లేపారా, నాలుగు లాక్‌లూ విడిపోయాయని కళ్లతో చూశాకే దించారా అని తప్పకుండా అడుగుతారు. చూడకపోతే చూడలేదనే చెప్పండి. అబద్ధం బయటపడితే మిగతా కేసు కూడా పోతుంది. ఆ లివర్ దగ్గర నిలబడితే కుడి వెనక లాక్ కనిపించని డిజైన్ అయితే అక్కడి నుంచి ఒక ఫొటో తీసిపెట్టుకోండి.

ఫిర్యాదు మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, కంపెనీ ఊరికి పోనక్కర్లేదు. చెల్లించిన ధర 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్, 5 లక్షల వరకు ఫీజు లేదు. గడువు 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు. నోటీసు తప్పనిసరి కాదు కానీ పంపండి. 'లిఫ్ట్‌ను ఉన్న స్థితిలోనే ఉంచాను, 15 రోజుల్లో మీ మనిషి వచ్చి నా ఇంజనీరు సమక్షంలో కొలతలు తీయవచ్చు' అని అందులో రాస్తే, మీరు సాక్ష్యం చెరిపేశారని వాళ్లు తర్వాత అనలేరు. లోపం పరీక్షతోనే తేలాల్సి ఉంటే కమిషన్ 38వ సెక్షన్ కింద ల్యాబ్‌కు పంపగలదు. లిఫ్ట్‌ను సీల్ చేసి పంపడం కుదరదు కదా, అందుకే ఇంటికి వచ్చి చూసే నిపుణుడిని నియమించమని ఫిర్యాదుతోపాటే మధ్యంతర దరఖాస్తు (ఐ.ఏ.) వేయించండి, ఖర్చు ముందు మీరే కట్టాల్సి రావచ్చు. ఫొటోలు, వీడియోలు తీసిన ఫోన్‌లోనే అసలు ఫైళ్లు ఉంచి, భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే ధ్రువపత్రం) జతచేయండి. వాట్సాప్‌లో తిరిగిన కాపీని నమ్ముకోవద్దు. కేబుల్ మార్చాల్సి వస్తే పాతది వాళ్ల చేతికివ్వకండి.

మీరు డబ్బు తీసుకుని ఇతరుల కార్లు బాగుచేస్తుంటే ఇప్పుడే మీ లాయరుకు చెప్పండి. మీది వాణిజ్య అవసరం, మీరు వినియోగదారే కారు అని కౌంటర్ వేస్తారు. స్వయం ఉపాధి మినహాయింపు ఉంది కానీ అది ఫిర్యాదులో మొదటే రాయాలి.

ఓనరు విషయం తేలిక. ఆస్తి బదలాయింపు చట్టం 108(హెచ్) ప్రకారం అద్దెదారు భూమికి బిగించిన వస్తువును ఖాళీ చేసేలోపు తీసుకుపోవచ్చు, ఇల్లు మాత్రం తీసుకున్న స్థితిలో అప్పగించాలి. 108(పి) అనుమతి లేకుండా శాశ్వత కట్టడం వద్దంటుంది. బోల్టులతో నిలిపి, విప్పితే వచ్చేసే లిఫ్ట్ సాధారణంగా ఆ లెక్కలోకి రాదు. నేల తవ్వి కొత్తగా కాంక్రీటు పోస్తే రావచ్చు. కాబట్టి ఇప్పుడే పరిహారం కట్టక్కర్లేదు. అద్దె ఒప్పందంలో వేరే షరతు ఉందేమో ఒకసారి చదవండి. ఖాళీ చేసేటప్పుడు యాంకర్ బోల్టులు నేల మట్టం కిందికి కోయించి, రంధ్రాలు ఎపాక్సీ గ్రౌట్‌తో నింపించి, రసీదు, ముందు వెనక ఫొటోలు ఓనరుకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.