మెటీరియల్ కెమిస్ట్రీ, పశువుల మేత కలిసే చోట పరిశోధన: బైపీసీ అమ్మాయికి ఏ దారి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లె. మూడు గేదెలు, ఒక ఆవు ఉన్నాయి. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. కెమిస్ట్రీ అంటే ప్రాణం. మెటీరియల్ కెమిస్ట్రీని, పశువుల మేతను కలిపి పరిశోధన చేసేవాళ్లు ఉన్నారని ఎక్కడో చదివి, తానూ అదే చేస్తానంటోంది. అలాంటి చదువు ఉందా? పశువైద్యంలో చేర్పించాలా, బీఎస్సీ కెమిస్ట్రీలోనా? అసలు ఆ పరిశోధనలో రోజూ చేసే పనేమిటి? – ఒక తండ్రి

జవాబు: ఆ పేరుతో డిగ్రీ కోసం వెతక్కండి. ఈ పరిశోధనలో పదార్థాన్ని తయారుచేసి కొలిచేవాళ్లు ఒకవైపు, పశువు కడుపులో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు మరోవైపు ఉంటారు. కొన్ని పనుల దగ్గర ఇద్దరూ కలుస్తారు. మీ అమ్మాయి ఒకవైపు పూర్తి పట్టు సాధించి, రెండోవైపు వాళ్లు చెప్పేది అర్థమయ్యేంత నేర్చుకోవాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను: పశువైద్యంలో సీటు వస్తే చేర్పించండి. రాకపోతే కెమిస్ట్రీ.

కారణం అర్హతల్లో ఉంది. పశుపోషణలో ఎం.వి.ఎస్సీ. (పీజీ) చేయాలంటే బి.వి.ఎస్సీ. (పశువైద్య డిగ్రీ) ఉండాలి. పశువైద్య కళాశాలల్లో బోధన ఉద్యోగాలకూ అదే పునాది. కెమిస్ట్రీ చదివినవాళ్లు తర్వాత మనసు మార్చుకున్నా ఆ తలుపు తెరుచుకోదు. పశువైద్యం చదివిన అమ్మాయి మాత్రం పీహెచ్.డి.లో కెమిస్ట్రీ ల్యాబ్‌తో కలిసి పనిచేసి పదార్థం లోపలి అమరిక చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్, మిశ్రమాన్ని విడదీసి కొలిచే క్రొమాటోగ్రఫీ నేర్చుకోవచ్చు. పైగా నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తయ్యేసరికి చేతిలో ఒక వృత్తి ఉంటుంది. పరిశోధన కుదరకపోయినా పశువైద్యురాలిగా బతకగలదు. బీఎస్సీతో ఆగిపోతే ఆ ధీమా ఉండదు.

ఇక ఈ రెండు శాస్త్రాలు నిజంగా ఎక్కడ కలుస్తాయో చెబుతాను. అమ్మాయికి ఇదే ముఖ్యం.

మొదటిది బూజు విషం. ఉద్దానంలో గాలి తేమకి కొబ్బరి చెక్క, వేరుశనగ చెక్క సరిగ్గా ఆరకుండా నిల్వ ఉంటే ఆస్పర్జిల్లస్ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ బి1 తయారవుతుంది. ఆవు తిన్న బి1లో సుమారు 1–2 శాతం, బాగా పాలిచ్చే ఆవుల్లో 6 శాతం దాకా, అఫ్లాటాక్సిన్ ఎం1గా మారి పాలలోకి వస్తుంది. లెక్క వేసి చూడండి: కిలోకి 50 మైక్రోగ్రాముల విషం ఉన్న దాణా రోజుకి 4 కిలోలు తింటే 200 మైక్రోగ్రాములు. అందులో 2 శాతం అంటే 4 మైక్రోగ్రాములు. అది 8 లీటర్ల పాలలో కలిస్తే లీటరుకి 0.5 మైక్రోగ్రాములు. మన దేశంలో పాలకు అనుమతించిన హద్దు సరిగ్గా అక్కడే ఉంది.

దీనికి విరుగుడుగా బెంటొనైట్ మట్టిని దాణాలో కలుపుతారు. అందులోని మాంట్‌మొరిల్లొనైట్ పొరలు పొరలుగా ఉంటుంది. చదునుగా ఉండే బి1 అణువు ఆ పొరల మధ్యకి జారి పట్టుకుంటుంది. జియారలెనోన్ లాంటి ఇతర బూజు విషాలు అంత బాగా పట్టవు. అందుకని ‘అన్ని విషాలనూ పట్టేస్తుంది’ అని అమ్మేవాళ్ల మాట నమ్మకూడదు.

కెమిస్ట్రీ విద్యార్థులు ఈ పనిలో ఎక్కువగా తప్పటడుగు వేసే చోట్లు రెండు. నైట్రోజన్ వాయువుతో మట్టి ఉపరితల వైశాల్యం కొలుస్తారు. ఎండిన మట్టిలో పొరలు మూసుకుపోయి నైట్రోజన్ లోపలికి వెళ్లదు. అసలు వైశాల్యం గ్రాముకి 700 చదరపు మీటర్లు దాటినా కొలతలో వందలోపే కనిపిస్తుంది. దాంతో మంచి మట్టిని పనికిరానిదని పక్కన పెడతారు. రెండో చోటు పరీక్ష చేసే ద్రవం. నీళ్లలో 95 శాతం విషాన్ని పట్టిన మట్టి పశువు కడుపులోని ద్రవంలో అంత పట్టకపోవచ్చు. అక్కడి ప్రోటీన్లు, ఇతర పదార్థాలు అదే చోటుకి పోటీ పడతాయి. పశువు సంగతి తెలిసినవాళ్లు పక్కన లేకపోతే ఈ రెండో తప్పు ఎవరికీ తట్టదు.

రెండోది పూత. మెథియొనిన్ లాంటి అమైనో ఆమ్లాన్ని మామూలుగా తినిపిస్తే పెద్దపొట్టలోని (మేత మొదట పులిసే పొట్ట) సూక్ష్మజీవులే దాన్ని విరగ్గొట్టేస్తాయి. పెద్దపొట్టలో పీహెచ్ 6 చుట్టూ ఉంటుంది, నాలుగో పొట్టలో 2–3. మొదటి చోట కరగకుండా, రెండో చోట కరిగే పాలిమర్‌తో ఆ అమైనో ఆమ్లం రేణువులకి పూత వేస్తే పోషకం పేగుదాకా చేరుతుంది. వినైల్‌పిరిడిన్, స్టైరీన్ కలిపిన పాలిమర్ అలాంటిదే. గాజుబీకరులో చక్కగా పనిచేసిన పూత, దాణా గుళికలు చేసే యంత్రం వేడికీ ఒత్తిడికీ పగిలిపోతుంది. అది తట్టుకున్నా పశువు నెమరువేసేటప్పుడు పళ్ల మధ్య చిట్లుతుంది.

మూడోది మీ గుమ్మం ముందే ఉంది. పలాస జీడి బట్టీల్లో మిగిలే పిక్కల పెంకులో పావు వంతు దాకా నూనె ఉంటుంది. వేడి చేయకుండా తీస్తే అందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. బాగా వేడి చేస్తే అది కార్బన్ డయాక్సైడ్‌ని వదిలేసి కార్డనాల్‌గా మారుతుంది. కార్డనాల్ రెసిన్లకి, రంగులకి, బ్రేకు లైనింగులకి ముడిసరుకు. అది మెటీరియల్ కెమిస్ట్రీ వైపు. అనకార్డిక్ ఆమ్లం మాత్రం పెద్దపొట్టలో హైడ్రోజన్ పుట్టించే కొన్ని బ్యాక్టీరియాని అణచి మీథేన్ తగ్గిస్తుందని జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2010లో చూపించారు. పశువు తిన్న శక్తిలో 2 నుంచి 12 శాతం మీథేన్‌గా గాలిలో కలిసిపోతుంది కాబట్టి ఇది పర్యావరణంతో పాటు మేత ఖర్చుకీ సంబంధించిన విషయం. పెంకుని ఎంత వేడి చేశారన్న ఒక్క తేడా ఆ నూనెని దాణాలోకి పంపాలా, రెసిన్ పరిశ్రమకి పంపాలా అని నిర్ణయిస్తుంది. ఇంత చక్కటి పరిశోధనాంశం మన జిల్లా పిల్లలకి దగ్గర్లో ఉన్నందుకు నాకు చాలా ఆనందం. ఒక్క హెచ్చరిక: ఇంట్లో ఆ నూనెని పశువుకి పట్టొద్దు. చర్మాన్ని బొబ్బలెక్కించే సరుకది. పరిశోధనలో దాన్ని మోతాదు కొలిచి, పొడిపదార్థానికి పట్టించి వాడతారు.

రోజూ చేసే పని అడిగారు. మేత పెద్దపొట్ట ద్రవంలో పులిసి ఎంత గ్యాస్ పుట్టిస్తుందో చూసే గ్యాస్ పరీక్షని ఉదాహరణగా తీసుకుంటాను. మేతని ఆరబెట్టి 1 మి.మీ. జల్లెడ దాటేలా పొడి చేస్తారు. 200 మిల్లీగ్రాములు తూచి 100 మి.లీ. గాజు సిరంజిలో వేస్తారు. పిస్టన్‌కి వ్యాజలైన్ రాస్తారు. తెల్లవారి మేత వేయకముందే పశువు పెద్దపొట్ట ద్రవం తీసి, వెచ్చటి ఫ్లాస్కులో తెచ్చి, నాలుగు మడతల పల్చటి గుడ్డలో వడగడతారు. 10 మి.లీ. ఆ ద్రవానికి 20 మి.లీ. బఫర్ (పీహెచ్ మారకుండా చూసే ద్రావణం) కలిపి సిరంజిలోకి ఎక్కించి, 39 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, ఎంత గ్యాస్ పుట్టిందో చదువుతారు. బఫర్‌లో రెసజురిన్ అనే రంగు వేస్తారు. గులాబీ రంగు పోయి తేటగా మారితేనే ఆక్సిజన్ పోయినట్టు. తొందరపడి గులాబీ రంగు ఉండగానే వాడితే సూక్ష్మజీవులు దెబ్బతిని, ఆ రోజు కొలతలన్నీ వృథా. ద్రవం దారిలో చల్లబడినా అంతే. ప్రతి నమూనాకీ మూడు సిరంజిలు, మేత లేని సిరంజిలు వేరే, విలువ తెలిసిన ఎండుగడ్డితో ఇంకొన్ని. జీడినూనెని ఆల్కహాల్‌లో కరిగించి వేస్తే, ఒట్టి ఆల్కహాల్ వేసిన సిరంజి కూడా తప్పనిసరి.

ఫలితం చదవడంలోనే అసలు తెలివి కావాలి. మీథేన్ సగానికి పడిపోయిందని సంబరపడకముందు మేత ఎంత జీర్ణమైందో చూడాలి. జీర్ణమే సగానికి పడిపోతే ఆ మందు సూక్ష్మజీవుల్ని చంపిందంతే, పశువుకి నష్టం. అందుకే జీర్ణమైన ప్రతి గ్రాముకీ ఎంత మీథేన్ అన్న లెక్క వేస్తారు. సిరంజిలో నెగ్గిన పదార్థం పశువు మీద ఓడిపోవడం ఈ రంగంలో మామూలే. పశువు మీద ప్రయోగానికి సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి కావాలి, అది నెలలు పట్టొచ్చు. పొద్దున్నే పశువుల కొట్టం దగ్గర నిలబడే ఓపిక, పేడ వాసన సహించే గుణం లేకపోతే ఎంత రసాయన జ్ఞానం ఉన్నా ఇటు రావద్దని మీ అమ్మాయికి చెప్పండి. పాడి ఇంట్లో పుట్టిన పిల్లకి అది ఇబ్బంది కాదనే నా నమ్మకం.

పశువైద్యానికి మీకు దగ్గరి కళాశాల విజయనగరం జిల్లా గరివిడిలో ఉంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. ప్రవేశాలకి ఏ పరీక్ష ర్యాంకు తీసుకుంటారో ఈ ఏటి నోటిఫికేషన్‌లో చూడండి. ఎలా ఉన్నా నీట్ రాయించండి. అఖిల భారత కోటాలోని 15 శాతం సీట్లు ఆ ర్యాంకుతోనే ఇస్తారు. ఆ తర్వాత ఎం.వి.ఎస్సీ. రెండేళ్లు, ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ప్రవేశ పరీక్ష ద్వారా కర్నాల్‌లోని జాతీయ డెయిరీ పరిశోధన సంస్థలోనో, బరేలీ దగ్గరి ఇజత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థలోనో చేరితే ఉత్తమం. మీథేన్ పని ఎక్కువగా జరిగేది బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ సంస్థలో. టానిన్లున్న మొక్కలతో ‘హరిత్ ధారా’ అనే దాణా మిశ్రమం తయారుచేసింది వాళ్లే.

సీటు రాకపోతే ఒక ఏడాది మళ్లీ కోచింగ్ ఇప్పించడం తప్పు కాదు. రెండో ఏడాది కూడా వృథా చేయడం మాత్రం నాకు ఇష్టం లేదు. కెమిస్ట్రీ వైపు మొదటి ప్రయత్నం ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ). తిరుపతి కన్నా మీకు ఒడిశాలోని బరంపురం ఐసర్ దగ్గర, పలాసలో రైలెక్కితే చాలు. దాని పరీక్షలో 60 ప్రశ్నలు, నాలుగు సబ్జెక్టుల నుంచి పదిహేనేసి. బైపీసీ వాళ్లకి లెక్కల పదిహేనే కష్టం. కాబట్టి ఇప్పటినుంచే రోజుకి ఒక గంట కాలిక్యులస్, వెక్టర్లు చేయించండి. ఆ గంట ఇంకో రకంగానూ పనికొస్తుంది: బీఎస్సీ తర్వాత జామ్ రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీకి వెళ్దామనుకునే బైపీసీ పిల్లలు చాలామంది, కొన్ని సంస్థలు ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం చదివి ఉండాలని అడగడం చివర్లో చూసి కంగారుపడతారు.

ఎమ్మెస్సీ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోనో చేస్తే అనలిటికల్ కెమిస్ట్రీ వైపు మొగ్గమంటాను. ఆర్గానిక్ చదివితే పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో ఉద్యోగం తొందరగా దొరుకుతుందని అందరూ అటే వెళ్తారు, అందులో నిజముంది. అయితే అఫ్లాటాక్సిన్ కొలిచే హెచ్‌పీఎల్‌సీ, పెద్దపొట్టలోని కొవ్వు ఆమ్లాలనూ మీథేన్‌నీ కొలిచే గ్యాస్ క్రొమాటోగ్రఫీ అనలిటికల్ వాళ్ల చేతి పని. అదే నైపుణ్యాన్ని ఫార్మా కంపెనీల నాణ్యతా విభాగాలూ అడుగుతాయి. ఆపైన సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ లాంటి చోట పీహెచ్.డి. చేయొచ్చు. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకి రూ. 37,000, తర్వాత రూ. 42,000. ఇంటి నుంచి డబ్బు పంపనక్కర్లేదు. ఏ దారిన వెళ్లినా పీహెచ్.డి. చేతికొచ్చేసరికి ఇంటర్ తర్వాత పది పన్నెండేళ్లు గడుస్తాయి. ఇది ఇప్పుడే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

పరీక్షలయ్యాక వేసవిలో అమ్మాయి చేత ఒక పని చేయించండి, మీ మండల పశువైద్యుడికి చెప్పి. 25 కిలోల ఎండు వరిగడ్డి, 1 కిలో యూరియా, 12–15 లీటర్ల నీళ్లు. యూరియాని నీళ్లలో పూర్తిగా కరిగించి, గడ్డిని పొరలుగా పేర్చుతూ చల్లి తొక్కి, టార్పాలిన్‌తో గాలి చొరకుండా 21 రోజులు కప్పాలి. లోపల యూరియా అమ్మోనియాగా మారి, గడ్డిలో లిగ్నిన్ అనే గట్టి పదార్థంతో ఉన్న బంధాల్ని సడలిస్తుంది. గడ్డి మెత్తబడి పసుపు గోధుమ రంగుకి వస్తుంది. రంగు మారకుండా బూజు వస్తే గాలి దూరిందని అర్థం, పారేయాలి. తీశాక ఒక గంట ఆరనిచ్చి పెద్ద పశువులకే కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకి వద్దు. యూరియా కలిపిన నీళ్లని పశువు అందుకునే చోట ఉంచకూడదు, తాగితే ప్రాణం పోతుంది. వేసింది ఎంత, మిగిల్చింది ఎంత, పాలు ఎన్ని అని రెండు పూటలా తూచి నోట్‌బుక్‌లో రాయమనండి. నెల రోజులు విసుక్కోకుండా రాస్తే ఈ పని ఆమెకి నప్పుతుందో లేదో మీకే తెలిసిపోతుంది.