మా అబ్బాయికి కోరిలేషన్ ఎలా అర్థం చేయించాలి?

"కోరిలేషన్, బెస్ట్ ఫిట్ లైన్ మా అబ్బాయికి బుర్రకెక్కడం లేదు, ఏ పుస్తకం కొనాలి?" అని అడిగారు. పుస్తకం వద్దండి. కోరిలేషన్ అంటే రెండు కొలతలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె: 0 దగ్గరుంటే సంబంధం లేనట్టే, 1 దగ్గరుంటే గట్టి సంబంధం. బెస్ట్ ఫిట్ లైన్ అంటే గ్రాఫులో చుక్కల మధ్యగా పోయే రేఖ. ఒక గ్రాఫు కాగితం, ఒక చీపురు పుల్ల చాలు.

మా నాన్నది విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర కొబ్బరి బొండాల బండి. నా డిగ్రీ ప్రాజెక్టుకి ఆయన లెక్కల పుస్తకమే తీసుకున్నాను. ఏడాది పాటు ప్రతి నెలా 4వ తేదీన ఎండ ఎంత, అమ్మిన బొండాలెన్ని అని రాసుకుంటే 12 జతలయ్యాయి. సూత్రంలో వేస్తే కోరిలేషన్ 0.27 వచ్చింది. అంటే ఎండకీ బొండానికీ పెద్దగా సంబంధం లేదని! మే నెలలో ఆ బండి దగ్గర నిలబడ్డవాళ్లెవరైనా నమ్ముతారా?

ఆ రాత్రి కాగితం నేల మీద పరిచి చుక్కలు పెట్టాను. 28 డిగ్రీల దగ్గర 60 బొండాలు, 36 దగ్గర 180. పదకొండు చుక్కలు చీమల బారులా పైకి పోతున్నాయి. ఒక్కటి మాత్రం 29 డిగ్రీల దగ్గర, ఎక్కడో 310 మీద ఉంది. నాన్న వచ్చి దాని మీద వేలు పెట్టారు. "ఇది డిసెంబరు 4 కదమ్మా, నేవీ డే. ఆ రోజు ఎండకి తాగలేదు, విన్యాసాలు చూడ్డానికొచ్చిన జనం తాగారు." చీపురులోంచి ఒక పుల్ల లాగి మిగతా చుక్కల మధ్య పెట్టి, పైనెన్ని, కిందెన్ని అని చూసుకుంటూ అటూ ఇటూ జరిపారు. ఆ ఒక్క చుక్క తీసి లెక్క కడితే 0.95! పన్నెండు చుక్కలతో గీసినప్పుడు డిగ్రీకి 7 బొండాలు పెరుగుతాయన్న రేఖ ఇప్పుడు 15 అంది. ఆ రేఖని లెక్కకట్టే కనిష్ఠ వర్గాల పద్ధతిలో రేఖ నుంచి చుక్కకున్న నిలువు దూరాన్ని వర్గం చేసి, ఆ మొత్తం వీలైనంత తక్కువయ్యేలా చూస్తాం కాబట్టి, దూరంగా ఉన్న ఒక్కటే రేఖనంతా తన వైపు లాగేస్తుంది.

మా లెక్చరర్ మాత్రం ఆ చుక్క తీసేయమన్నారు, కారణం రికార్డులో రాయనివ్వలేదు. నాకిప్పటికీ బాధే. ఆ ప్రాజెక్టులో నేను నిజంగా తెలుసుకున్నది అదొక్కటే.

పేరుమోసిన స్టాటిస్టీషియన్ సి.ఆర్.రావు గారు చదువుకున్న ఆంధ్రా యూనివర్సిటీ ఉన్న ఊరండీ ఇది. ఇక్కడ కూడా పిల్లలు పట్టికలు నింపడమే స్టాటిస్టిక్స్ అనుకుంటున్నారు. 1973లో ఆన్‌స్కోంబ్ అనే స్టాటిస్టీషియన్ నాలుగు డేటాలు తయారుచేసి చూపించాడు. నాలుగింటికీ కోరిలేషన్ 0.816 దగ్గరే, రేఖా ఒకటే. గీసి చూస్తే ఒకటి వంపు తిరిగి ఉంటుంది, ఇంకోదాంట్లో ఒకే ఒక్క చుక్క మొత్తం ఫలితాన్ని మోస్తుంటుంది. గీయకుండా లెక్క కట్టనివ్వకూడదని నేననేది అందుకే.

ఇంకొకటి. నా దగ్గర ట్యూషన్‌కొచ్చే పిల్లలకి ఇదే లెక్క ఇచ్చి, 20 డిగ్రీలకి ఎన్ని అంటే మైనస్ 60 బొండాలని రాసేస్తారు, టెన్షన్ కూడా ఉండదు. చుక్కలే లేని చోటికి రేఖని పొడిగిస్తే ఇలాగే అవుతుంది. మీ అబ్బాయిని చుక్కలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చూసి, పుల్లని అంతవరకే విరిచి పెట్టమనండి.